అన్న గిటారు, నా నోటుబుక్కు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంజనీరింగ్ చదవడమంటే, ఇంట్లో పాడైన ప్రతి వస్తువుకూ జవాబు చెప్పుకోవడం. నేను ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో బీటెక్ పూర్తి చేసి, ఖమ్మం దగ్గర వైరాలో మా ఇంటికొచ్చి, ఉద్యోగం పిలుపు కోసం ఎదురు చూస్తూ కూర్చున్న సంవత్సరం అది. మిక్సీ తిరగకపోతే నన్ను పిలిచేవాళ్లు, టీవీ రిమోటు నొక్కితే పలకకపోతే నన్ను పిలిచేవాళ్లు, పక్కింటి వాళ్ల ఇన్వర్టర్ కీచుమన్నా నన్నే పిలిచేవాళ్లు. నాలుగేళ్లలో నేను నేర్చుకున్నదల్లా సర్క్యూట్ బొమ్మను స్కేలు పెట్టి అందంగా గీయడమేనని, స్క్రూడ్రైవరు చేతికిస్తే నాకు అరచేతులు చెమరుస్తాయని ఎవరికీ చెప్పలేదు. వస్తువు దగ్గర చెవి పెట్టి, కళ్లు కాస్త చిన్నవి చేసి, "లూజ్ కాంటాక్టు ఉన్నట్టుంది" అనేదాన్ని. (ఈ మాటలో ఒక సుఖం ఉంది. ఎప్పుడూ తప్పు కాదు, ఎప్పుడూ పనికిరాదు.) ఆ తర్వాత వాళ్లు మెకానిక్కు దగ్గరికి వెళ్లేవాళ్లు, మెకానిక్కు బాగుచేసేవాడు, అమ్మ మాత్రం "మా పిల్ల ముందే చెప్పింది, లూజ్ కాంటాక్టని" అని వీధిలో చెప్పుకునేది. ఇలా నా పరువు ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతున్న రోజుల్లో మా అన్న గిటారు పాడైంది.

అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. ఎరువుల దుకాణంలో నెలజీతం పని మానేసి, ఖమ్మంలో ఒక ఆర్కెస్ట్రాలో చేరాడు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు పాటల ప్రోగ్రాములిచ్చే బృందం అది. కీబోర్డు వాయించే ఒక పెద్దాయన దానికి నాయకుడు, అందరూ ఆయన్ని మాస్టరు గారు అనేవాళ్లు. అన్న ఎవరి దగ్గరో పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి సంపాదించాడు. ఎర్రటిది. దాని ఒంటి మీద ముందువైపే పడవ ఆకారంలో చిన్న లోహపు గుంట, ఆ గుంట మధ్యలో వైరు గుచ్చే రంధ్రం. ఆ వైరు రెండో కొస స్పీకరు డబ్బాకు పోతుంది. వైరు గుచ్చకపోతే గిటారు వంటింట్లో చెంచా మోగినంత కూడా మోగదు. నాన్నకు ఈ వ్యవహారమంతా సుతరామూ నచ్చలేదు. కాని ఆయన కోపిష్ఠి కాదు, గడువులు పెట్టే మనిషి. "యాసంగి నాట్లు పడేదాక నీ ఇష్టం రా. అప్పటికి వాళ్లు నిన్ను పక్కాగ తీసుకుంటే సరి. లేకుంటే గిటారు అటక మీదికి, నువ్వు దుకాణంలకి" అన్నాడు. అన్న తలూపాడు. అన్న తలూపితే చాలు, నాకు భయం మొదలవుతుంది. మా ఇంట్లో ఎవరి గడువైనా భయపడేది నేనే.

దసరా రోజు అమ్మ ఆయుధ పూజ చేసింది. ట్రాక్టరుకు, కుట్టుమిషనుకు, మిక్సీకి, నాన్న మోటార్ సైకిలుకు, నా లాప్‌టాప్‌కు వరసగా పసుపు పూసి కుంకుమ పెట్టి, ఆ ఊపులోనే గిటారుకు కూడా నిండుగా పెట్టింది. అన్న స్నానం చేసి వచ్చి చూసి మొత్తుకున్నాడు. "అమ్మా, ఇది ట్రాక్టర్ కాదే."

"కాకుంటే ఏంది? అన్నిటికి పెట్టి దానికి పెట్టకుంటే అది ఏమనుకుంటది?"

"గిటారేమనుకుంటదే."

"నీకేం ఎరుక" అని అమ్మ లోపలికి పోయింది. అన్న తడిగుడ్డ తెచ్చి పైపైన తుడిచేశాడు. అమ్మ అది చూసింది. ఏమీ అనలేదు. ఇంట్లో ఆడవాళ్లు ఏమీ అనకపోవడం ఎంత పెద్ద విషయమో అన్నకు తెలియదు, నాకు తెలుసు.

వారం తిరగకుండానే బూర్గంపాడులో ఓణీల ఫంక్షనుకు ప్రోగ్రాం పడింది. మూడో పాటలో గిటారు గరగరమని, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. కాసేపటికి దానంతటదే వచ్చింది. మళ్లీ పోయింది. ఇంటికొచ్చి అన్న సంగతి చెబితే అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "దసరా నాడు బొట్టు తుడిచినవ్ గద. ఇగ అది పలుకుతదా" అంది. అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నేను చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను. కాని నమ్మకం లేకపోవడం వేరు, ధైర్యం ఉండటం వేరు. తర్వాతి ప్రోగ్రాముకు అన్న గిటారును సంచిలో పెడుతుంటే నేను పెడతానని తీసుకుని, తలుపు చాటున చిటికెడు పసుపు తడిపి, పైన కుంకుమ అద్ది, ఎవరికీ కనపడని చోటు వెతికి ఒక చిన్న బొట్టు పెట్టాను. ఎర్రటి గిటారు వీపున పెడితే అన్న చొక్కాకు అంటుతుంది, ఎవరికీ కనపడని చోటు ఒక్కటే ఉంది, వైరు గుచ్చితే మూసుకుపోయే ఆ పడవలాంటి గుంట. బొట్టు పెట్టడానికే చేసినట్టుంది అది. అమ్మ మాట దక్కింది, అన్న కంట పడలేదు, నా చదువుకూ మచ్చ రాలేదు. ఇంత తెలివిగా ఒక పని చేశానని ఆ రోజు నాకు లోలోపల గర్వం కూడా కలిగింది.

అంతకుముందే గిటారును ఖమ్మంలో చాచా దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. తాతల నాటి నుంచి రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే కుటుంబం. దుకాణంలో కూర్చోవడానికి ఒకే స్టూలు, మిగతా చోటంతా నోళ్లు తెరిచిన యంత్రాలు. (బయల్దేరేముందు నేను గిటారును పాత నూలు చీర ముక్కతో శుభ్రంగా తుడిచాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పిల్లకు తల దువ్వి పౌడరు రాస్తాం కదా, అలాగే. గుంటలో కూడా వేలు పెట్టి మరీ తుడిచాను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.) చాచా తన వైరు గుచ్చి, తీగ మీటాడు. ఖంగుమంది. నాబులు తిప్పాడు, పెన్సిలు వెనక్కొసతో గిటారు వీపంతా తట్టాడు, వైరును అటూ ఇటూ ఊపాడు. గిటారు ఎంత బుద్ధిగా పలికిందంటే, అన్న మొహం అబద్ధమాడిన వాడి మొహంలా అయిపోయింది.

"మంచిగనే ఉంది గద బాబూ" అన్నాడు చాచా.

"చాచా, నా మీద ఒట్టు. గాడ ఆగిపోయింది."

"ఆగిందంటే ఆగే ఉంటది. పూర్తిగ పోయిన రోగం అల్కగ దొరుకుతది. వచ్చి పోయే రోగమే సతాయిస్తది. దవాఖానా వాసన చూడంగనే దాక్కుంటది" అని, నేను బీటెక్ అని తెలిసి నా వైపు తిరిగాడు. "బేటీ, నువ్వు సదువుకున్నవ్. ఒక నోటుబుక్కు పెట్టు. ఎప్పుడు ఆగింది, అప్పుడు చుట్టుపక్కల ఏమేం ఉన్నయి, అన్నీ రాయి. ఒక్కసారి ఒక్కటే మార్చు. పది మార్చినవంటే ఏది బాగుచేసిందో నీకే తెల్వదు." అని వాల్యూము నాబు కింద మందు కొట్టి పంపించాడు. నాలుగేళ్ల కాలేజీలో ఎవరూ నాకు ఇంత తేటగా ఒక పని చెప్పలేదు. తిరుగు దారిలోనే నూటయాభై పేజీల నోటుబుక్కు కొన్నాను.

రెండో ప్రోగ్రాం దమ్మపేట దగ్గర, పామాయిల్ తోటల ఆసామి ఒకరింట్లో పెళ్లి రిసెప్షను. గిటారు డాక్టరును కాబట్టి నన్ను కూడా వ్యానులో ఎక్కించుకున్నారు. నేను తలుపు చాటున పెట్టిన మొదటి బొట్టు ఆ ప్రయాణానికే. రెండు పాటలు బాగానే నడిచాయి. తర్వాత గరగర మొదలైంది. అన్న వైరును మెలిపెడితే శబ్దం వచ్చింది, వదిలితే పోయింది. మెలిపెడుతూ వాయించడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి, వైరును తొడకు నొక్కిపట్టి, ఎడమ వైపుకు వంగి, కుడికాలు కాస్త గాల్లోకి ఎత్తితే శబ్దం నిలబడుతుందని అన్న కనిపెట్టాడు. మిగతా నాలుగు పాటలూ ఆ కొంగ భంగిమలోనే వాయించాడు. అది కొత్త స్టయిలేమో అనుకుని ముందు వరుసలో కుర్రాళ్లు ఈలలేశారు. ఒకడైతే లేచి తనూ ఒంటికాలి మీద ఆడాడు. మాస్టరు గారు మాత్రం కీబోర్డు మీద నుంచి కళ్లెత్తి అన్న కాలినే చూస్తూ ఉండిపోయారు. ప్రోగ్రాం అయ్యాక దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు, "తమ్ముడూ, రెండుసార్లు అయింది. నేను మనుషుల మీద ఒర్లను. భద్రాచలం కాడ రిసెప్షన్ ఒకటి ఉంది. గాడ గూడ గిట్లనే అయితే, ఇగ నీ దుకాణం నువ్వు చూస్కో."

యాసంగి నారు అప్పటికే మడుల్లో జానెడు లేచింది. నాన్న ఆ నారు వైపు, ఆ తర్వాత అన్న వైపు చూసేవాడు. ఎరువుల దుకాణం వాళ్లు కూడా "మనిషిని పెట్టుకోమంటారా, ఆగమంటారా" అని కబురు చేశారు. అన్న తిండి తగ్గించాడు. రాత్రిళ్లు వైరు గుచ్చకుండానే, చెంచా మోగినట్టు, ఆ గిటారునే వాయించుకుంటూ కూర్చునేవాడు. అది వింటూ నా ఆదుర్దా అంతా నోటుబుక్కులో పోశాను. జనరేటరు కరెంటు వల్లనా, లైను కరెంటు వల్లనా? గోదావరి గాలిలో తేమ వల్లనా? అన్న చెమట వల్లనా? స్టేజీ మీద సీరియల్ లైట్ల వల్లనా? మాస్టరు గారు రబ్బరు చెప్పులు వేసుకున్న రోజు, తోలు చెప్పులు వేసుకున్న రోజు అని రెండు గడులు గీశాను. ఎరుపు సిరా, నీలం సిరా వాడాను. మధ్యలో ఇంట్లో పరీక్షించి చూడటం ఒకటి. పరీక్షించేముందు గిటారును తుడుస్తాను, పరీక్షలో బ్రహ్మాండంగా పలుకుతుంది. అన్న ఒకసారి వైరు పిన్ను కొన పచ్చగా ఉందని చూపిస్తే, "ఇత్తడి కదన్నా, అట్లనే ఉంటది" అని ఇంజనీరు హోదాలో చెప్పి, దాన్ని కూడా తుడిచేశాను.

చాచా దగ్గరికి రెండోసారి వెళ్లాం. (మళ్లీ చీర ముక్కతో తుడిచే తీసుకెళ్లాను.) ఆయన గిటారు మూత విప్పి, లోపలి తీగలన్నీ పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగి చూశాడు. అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా నా చేతికి కాలే కడ్డీ ఇచ్చి రెండు అతుకులు మళ్లీ పెట్టించాడు. నా జీవితంలో మొదటిసారి సీసం కరిగించింది అప్పుడే, డిగ్రీ చేతికొచ్చిన అయిదు నెలలకు. చాచా మూత మళ్లీ బిగిస్తూ, "ఈ దుకాణంల ఇది దొరకది బేటీ. రోగం యాడ పుడితే గాడనే పట్టాలె. బూర్గంపాడుల మా చుట్టాలింటికి పోయే పని గూడ ఉంది. నేను వస్త" అన్నాడు.

భద్రాచలం దారిలో అడవి మొదలయ్యేసరికి వ్యాను వెనక సీట్లో చాచా కునుకు తీస్తున్నాడు. అన్న గిటారు సంచిని ఒళ్లో పెట్టుకుని, పరీక్షకు పోయే పిల్లవాడిలా కిటికీలోంచి టేకు చెట్లు లెక్కపెడుతున్నాడు. ఫంక్షను హాలు దగ్గర దిగగానే సంచి నేనందుకున్నాను. వ్యాను వెనక్కి వెళ్లి, హాండుబ్యాగులోంచి పసుపు పొట్లం, కుంకుమ డబ్బీ తీశాను. ఆఖరి అవకాశం కదా, ఈసారి ఏ లోటూ ఉండకూడదని పసుపు చిక్కగా కలిపి, గుంట నిండా పూసి, ఒకటికి మూడు బొట్లు పెట్టి, కళ్లు మూసుకుని, "ఈ ఒక్కసారి" అని మొక్కుకున్నాను. దేవుడికి నా మాట చక్కగా వినిపించి ఉంటుంది. గిటారుకే వినిపించలేదు.

వైరు కూడా నేనే గుచ్చి, పైకి కనపడే పసుపు తుడిచి అన్న చేతికిచ్చాను. పాటలకు ముందు శబ్దం సరిచూసుకుంటుంటే పది నిమిషాలకే గరగరమంది. పోయింది. మాస్టరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అన్న అలవాటు కొద్దీ కాలెత్తబోయాడు.

"ఆగు. ఎవ్వరు ముట్టొద్దు. వైరు గూడ కదపొద్దు" అని చాచా కళ్లజోడు పెట్టుకుని వచ్చి, ముందు నా నోటుబుక్కు అడిగాడు. తీరుబడిగా పేజీలు తిప్పాడు. "జనరేటర్ ఉంది. గాలి ఉంది. అన్న చెమట ఉంది. మాస్టర్ చెప్పులు గూడ ఉన్నయి. శెభాష్." మాస్టరు గారు తన చెప్పుల వైపు చూసుకున్నారు. "అంతా మంచిగ రాసినవ్ బేటీ. గిటారును సంచిలకెళ్లి తీసేది ఎవరు?"

"నేనే చాచా."

"తుడిచేది?"

"నేనే."

"మరి ఇందుల నువ్వు యాడున్నవ్?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన వైరు బయటికి లాగాడు. పిన్ను కొనకు పచ్చటి ముద్ద. పుల్లకు దూది చుట్టి రంధ్రంలో పెట్టి తిప్పి తీశాడు. దూది పచ్చగా, అంచున ఎర్రగా వచ్చింది. వాసన చూశాడు. "ఇది తుప్పు గాదు. ఇత్తడి గాదు. ఇది పసుపు" అన్నాడు. అన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడానికి నాకు సమయమైతే ఉంది గాని, నా వేళ్లు రెండూ పచ్చగా ఉన్నాయి.

సంగతి చాలా చిన్నది. పసుపు తడిగా ఉన్నప్పుడు రంధ్రంలోకి జారి గరగరమనేది, ఆరాక పిన్నుకూ లోపలి రేకుకూ మధ్య పొరలా అడ్డుపడేది. అన్న కాలెత్తి వైరు మెలిపెడితే ఆ పొర గీసుకుపోయి శబ్దం వచ్చేది. నేను చీర ముక్కతో తుడిస్తే రోగం పోయేది, బొట్టు పెడితే వచ్చేది. మొదటిది అమ్మ దసరా పసుపు, మిగతావన్నీ నావి. అంటే నేను మొదటి నుంచీ చెబుతున్నట్టు అది లూజ్ కాంటాక్టే. (ఈ మాట ఆ క్షణంలో పైకి అననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.)

చాచా నవ్వలేదు. స్పిరిటు పోసి రంధ్రం శుభ్రం చేస్తూ, "బొట్టు మంచిదే బేటీ. మా దుకాణంల మొదటి మైకు సెట్టుకు మా అబ్బా తాయెత్తు కట్టిండు. ఇప్పటికీ ఉంది. కాని బయట కట్టిండు" అన్నాడు.

అన్న మాత్రం అడిగాడు. "చెల్లె, నాకు మంచి జరగాలెననే పెట్టినవా?"

"అవ్ అన్నా."

"సరే. ఎప్పుడన్న నా మీద కోపమొస్తే మాత్రం ముందుగాల చెప్పు. ఊరు విడిచి పోత."

ఆ సాయంత్రం గిటారు మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎక్కడా ఆగకుండా పలికింది. దానితో ఒక కొత్త చిక్కొచ్చింది. అన్న వాయింపు మొదటిసారి పూర్తిగా, స్పష్టంగా, తప్పులతో సహా అందరికీ వినపడింది. ఇన్నాళ్లూ ఆ గరగర ఎన్ని అపస్వరాలను కప్పిపెట్టిందో అప్పుడర్థమైంది. ఒంటికాలి నాట్యం కూడా లేకపోయేసరికి కుర్రాళ్లు నిరాశపడ్డారు. సామాను సర్దుతుంటే మాస్టరు గారు వచ్చారు. అన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన కీబోర్డు వైరు చుట్టుకుంటూ, "తమ్ముడూ, గిటారు బాగైంది. ఇగ నీ వంతు. రేపటి నుంచి దినాం రెండు గంటలు వచ్చి నా ముంగట కూసో" అన్నారు. నాట్లు పడే రోజు నాన్న, "పక్కాగ తీసుకున్నరా మరి?" అని అడిగితే అన్న నిజమే చెప్పాడు. "నేర్పనీకి తీసుకున్నరు." నాన్న నాటు వేస్తున్న మడి వైపు చూసి, "నేర్చుకునెటోనికి గడువు పెడితె ఎట్ల" అన్నాడు. ఇప్పుడు అన్న ఖమ్మంలో పిల్లలకు గిటారు నేర్పుతున్నాడు. ప్రోగ్రాములుంటే వెళ్తాడు. గిటారు అదే. దాని మీద చాచా స్వయంగా అంటించిన ఒక కుంకుమ రంగు స్టిక్కరు ఉంది. బయటివైపు, రంధ్రానికి జానెడు దూరంలో.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పాపకు ఎనిమిదో నెల. పడుకున్న గంటకల్లా ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది, మళ్లీ పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే పాప ఆవిడ మెడలోని స్టెతస్కోపు పట్టుకుని కిలకిలా నవ్వుతుంది. "బాగానే ఉంది కదమ్మా" అంటారావిడ. నేను నోటుబుక్కు పెట్టాను. పాలు, దోమతెర, ఫాను వేగం, ఎదురింటి కుక్క, మా ఆయన దగ్గు, దేనికి గడి దానికి. మొన్న అన్నకు ఫోనులో పేజీలు పేజీలు చదివి వినిపించాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "చెల్లె, నడుమ నడుమ లేచి, ఊపిరి తీస్తుందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టేది ఎవరు?" అన్నాడు.

నేను నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పాను.

"మరి ఇందుల నువ్వు యాడున్నవ్?"

ఈ రాత్రి నోటుబుక్కులో కొత్త గడి గీసి, పైన 'నేను' అని రాశాను. పాప పడుకుని రెండు గంటలైంది, ఇంకా లేవలేదు. రెండు గంటలంటే చాలా ఎక్కువ సేపు. వ్యాను వెనక కుంకుమ డబ్బీ మూత తీస్తున్న అప్పటి ఆ పిల్ల గుర్తొస్తోంది. కళ్లు గట్టిగా మూసుకుని, ఎంత నమ్మకంగా మొక్కుకుందో పాపం. ఆమెను తిట్టబుద్ధి కాదు. నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. లేచి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి చూసి వచ్చాను. లోపలికి వెళ్లలేదు. వేలు మాత్రం పాప వైపు చాచే ఉంచాను.